ఫైబర్ పడవకు పాత రంగు తీయడం ఎలా?



బందరు పక్కన ఉన్న గిలకలదిండి రేవు మొదలుకొని దివిసీమలో నాగాయలంక, కోడూరు మండలాల తీరగ్రామాల దాకా, ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఇంజిను పడవలు సముద్రంలో వేటకు వెళ్లవు. చేపలూ రొయ్యలూ గుడ్లు పెట్టే కాలం కనుక తూర్పు తీరమంతటా ఈ 61 రోజుల వేట నిషేధం అమలవుతుంది. చిరిగిన వలలు బాగుచేసుకోవడం, ఇంజిన్లు విప్పి శుభ్రం చేయడం, పడవలకు మరమ్మతులు చేసి చివరగా రంగులు వేయడం అన్నీ ఆ రోజుల్లోనే జరుగుతాయి. ఏ రంగు వేయాలి, ఏ డబ్బా కొనాలి, ఎన్ని పూతలు వేయాలి అన్న విషయాలపై రేవుల్లో చాలా చర్చ జరుగుతుంది గాని, కింద ఉన్న పాత రంగును ఎలా తీయాలన్న దానిపై అంత చర్చ జరగదు. అయితే ఫైబర్ పడవ ఎన్నేళ్లు మన్నుతుందన్నది, పైన వేసిన కొత్త రంగు కంటే, కింది పాత రంగును తీసిన తీరుమీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. ఈ ప్రసంగానికి విషయం అదే.

ఈ తీరంలో ఒకప్పుడు కలప నావలూ, దుంగలు కట్టిన తెప్పలూ ఉండేవి. 1979లో ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో మద్రాసు కేంద్రంగా మొదలైన బంగాళాఖాత కార్యక్రమం, అలలను దాటుకుని నేరుగా ఇసుక ఒడ్డుకు చేరగలిగే కొత్త పడవల నమూనాలను తూర్పు తీరంలో పరీక్షించింది. వాటిలో ఫైబర్‌గ్లాస్‌తో చేసినవి కూడా ఉన్నాయి. మంచి కలప దొరకడం కష్టమై దాని ధర పెరిగిన కొద్దీ ఫైబర్ పడవలకు ఆదరణ పెరిగింది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తర్వాత అవి తూర్పు తీరమంతటా మరింతగా వ్యాపించాయి. పడవ మారింది గాని, రంగు తీసే అలవాటు మాత్రం కలప నావల కాలం నాటిదే చాలాచోట్ల మిగిలిపోయింది. కలప పలక మందంగా ఉంటుంది. దానిమీది రంగును మంటతో కాల్చి ఇనుప బద్దతో గోకినప్పుడు కలప కాస్త లేచివచ్చినా నావకు పెద్ద నష్టం లేదు. అదే పని ఫైబర్ పడవకు చేస్తే, పోకూడనిది పోతుంది.

ఆ పోకూడనిది ఏమిటో తెలియాలంటే ఫైబర్ పడవ తయారీని కొద్దిగా తెలుసుకోవాలి. గాజును కరిగించి సన్నని పోగులుగా తీసి, ఆ పోగులను చాపలా పరిచినదాన్ని పనివారు మ్యాట్ అంటారు. రెసిన్ అనేది తేనెలా చిక్కగా ఉండే ద్రవం. పడవల్లో ఎక్కువగా పాలియెస్టర్ రెసిన్ వాడతారు. దానిలో హార్డ్‌నర్ అనే మరో రసాయనాన్ని తగు పాళ్లలో కలిపితే కొద్దిసేపట్లో గట్టిపడుతుంది. అచ్చులో మ్యాట్ మీద రెసిన్, దానిమీద మళ్లీ మ్యాట్, మళ్లీ రెసిన్, ఇలా పొర మీద పొర వేస్తూ పోతే పడవ గోడ తయారవుతుంది. అయితే ఈ పొరలన్నిటికంటే ముందు, అచ్చు లోపలి ముఖానికి రంగు కలిపిన నున్నని రెసిన్‌ను ఒక పూతగా పూస్తారు. దాని పేరు జెల్‌కోట్. పడవను అచ్చులోంచి తీసినప్పుడు బయటకు కనిపించే ముఖం అదే. దాని మందం ఇంచుమించు అర మిల్లీమీటరు. దానిలో గాజు పోగులు ఉండవు. పడవకు బలాన్నిచ్చేది లోపలి గాజు పోగులైతే, ఆ పోగుల దగ్గరికి నీరు చేరకుండా కాపాడేది ఈ అర మిల్లీమీటరు జెల్‌కోట్. మనం వేసే రంగులన్నీ దాని పైన ఉంటాయి.

మచిలీపట్నంలోని చిలకలపూడి నగల సంగతి తెలిసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. చిలకలపూడి చేతి గాజుకు లోపల ఉండేది మామూలు లోహం, పైన ఉండేది పలుచని బంగారు పూత. గాజుకు పట్టిన మురికి వదలాలని పీచుతో, ముగ్గుపిండితో గట్టిగా తోమితే మురికితో పాటు పూత కూడా పోతుంది. ఆ తర్వాత ఎంత తోమినా మెరుపు రాదు, చిలుము వస్తుంది. అందుకే ఆ నగలను సబ్బునీళ్లతో, మెత్తని గుడ్డతో, నిదానంగా శుభ్రం చేస్తారు. ఫైబర్ పడవ విషయంలోనూ గుర్తు పెట్టుకోవలసింది ఒక్కటే: రంగు పోవాలి, జెల్‌కోట్ మిగలాలి.

జెల్‌కోట్ పోతే జరిగే నష్టం వెంటనే కంటికి కనిపించదు, అందువల్లనే దాన్ని చాలామంది పట్టించుకోరు. బయటపడిన గాజు పోగుల వెంట నీరు లోపలికి పాకుతుంది. లోపల గట్టిపడకుండా మిగిలిపోయిన రసాయనాలు ఆ నీటిలో కరిగి చిక్కని ద్రవంగా మారతాయి. పలుచని ద్రవం చిక్కని ద్రవం వైపు పొరలను దాటి చేరడం ప్రకృతి సహజం కనుక, బయటి నీరు మరింతగా లోపలికి వెళుతుంది. ఆ ఒత్తిడికి పైపొర ఉబ్బి బొబ్బలు లేస్తాయి. అలాంటి బొబ్బను చీల్చితే జిగట నీరు కారుతుంది, పుల్లని వెనిగర్ వంటి వాసన వస్తుంది. అక్కడ గోడ బలహీనపడిందని దాని అర్థం. ఈ సందర్భంలో ఒక విశేషం చెప్పుకోవాలి. ఉప్పునీటి కంటే మంచినీరు మరింత పలుచన కనుక, ఈ బొబ్బలు సముద్రంలో తిరిగే పడవల కంటే మంచినీటిలో నిలిచి ఉండే పడవలకు త్వరగా వస్తాయి. రోజూ ఒడ్డుకు లాగి ఆరబెట్టే తీరగ్రామపు పడవ కంటే, గుడివాడ, కైకలూరు ప్రాంతాల చేపల చెరువుల్లో మేత సంచులు కట్టడానికి వాడుతూ ఏడాది పొడవునా నీటిలోనే ఉంచే చిన్న ఫైబర్ పడవకు ఈ ప్రమాదం ఎక్కువ. చెరువు పడవే కదా అని దాన్ని ఎలా పడితే అలా గోకడం మంచిది కాదు.

రంగు తీయడం మొదలుపెట్టే ముందు అసలు తీయవలసిన అవసరం ఉందా అని చూడాలి. చాలా పడవలకు పాత రంగును పూర్తిగా తీయనక్కరలేదు. గట్టిగా అంటుకుని ఉన్న పాత రంగు కొత్త రంగుకు మంచి ఆధారమే అవుతుంది. దాన్ని తెలుసుకునే పరీక్ష సులభం. పదునైన బ్లేడుతో రంగు మీద, రంగు మందం మేరకే తెగేటట్లు, నాలుగైదు నిలువు గీతలూ నాలుగైదు అడ్డగీతలూ గీసి, చిన్న చిన్న గళ్లు ఏర్పడిన ఆ చోట బలమైన టేపు అంటించి ఒక్క ఊపున లాగాలి. గళ్లు చెదరకుండా ఉంటే రంగు గట్టిగా ఉన్నట్లే. అప్పుడు పైపైన రుద్ది గరుకు చేసి కొత్త రంగు వేసుకోవచ్చు. గళ్లు టేపుతో పాటు ఊడివస్తే ఆ రంగును తీయక తప్పదు. రంగుల పరిశ్రమలో అతుకును పరీక్షించే పద్ధతి కూడా ఇలాంటిదే. పడవకు రెండు పక్కలా, అడుగునా, ముందు భాగంలో ఎండ బాగా తగిలే చోటా విడివిడిగా ఈ పరీక్ష చేసి, ఎక్కడ రంగు వదిలిందో అక్కడ మాత్రమే తీస్తే శ్రమా ఖర్చూ తగ్గుతాయి, జెల్‌కోటూ మిగులుతుంది.

తీయక తప్పదని తేలినప్పుడు, త్వరగా పని ముగించే మార్గాల వైపు మనసు పోవడం సహజం. ఆ మార్గాల్లో ఫైబర్‌కు పనికిరానివే ఎక్కువ.

మొదటిది వేడి. మంటగాని, వేడిగాలి చిమ్మే హీట్ గన్ గాని కలప మీద, ఇనుము మీద పనికివస్తాయి. పడవల్లో వాడే మామూలు పాలియెస్టర్ రెసిన్ గట్టిపడిన తర్వాత కూడా వంద డిగ్రీల సెల్సియస్ లోపే మెత్తబడటం మొదలవుతుంది. హీట్ గన్ గాలి వేడి మూడు వందల డిగ్రీలు దాటుతుంది. రంగు పొంగి లేచేలోపే కింద జెల్‌కోట్ మాడవచ్చు, పొరల మధ్య అతుకు విడిపోవచ్చు. పైకి నున్నగానే కనిపించే ఆ చోట వేలితో తట్టి చూస్తే గట్టి చప్పుడుకు బదులు బోలు చప్పుడు వస్తుంది.

రెండవది కాస్టిక్ సోడా. ఇనుప గేట్ల మీది, తలుపుల మీది పాత రంగును తీయడానికి దీన్ని నీటిలో కలిపి వాడే అలవాటు ఉంది. రంగును కరిగించే ఆ క్షారమే పాలియెస్టర్ రెసిన్‌లోని బంధాలను కూడా తెంచుతుంది. చేతులను, కళ్లను కాల్చుతుంది.

మూడవది దుకాణాల్లో రంగు తీసే మందుగా, అంటే పెయింట్ రిమూవర్‌గా, అమ్మే ఘాటైన ద్రవం. ఈ రకం మందుల్లో చాలాకాలంగా వాడుతూ వచ్చిన ముఖ్య రసాయనం డైక్లోరోమీథేన్. దానికే మిథిలీన్ క్లోరైడ్ అని మరో పేరు. అది రంగును ఉబ్బించి లేపుతుంది, కాని అక్కడితో ఆగక జెల్‌కోట్‌లోకి దిగి దాన్నీ మెత్తబరుస్తుంది. దాని ఆవిరి గాలి కంటే బరువైనది కనుక పడవ లోపలి అడుగున పేరుకుంటుంది. పీల్చినవారి శరీరంలో అది కార్బన్ మోనాక్సైడ్‌గా మారి రక్తానికి ప్రాణవాయువు అందకుండా చేస్తుంది. గాలి ఆడని చోట దీనితో పనిచేస్తూ ప్రాణాలు కోల్పోయినవారు ఉన్నందువల్లనే అమెరికా 2019లో సామాన్య వినియోగదారులకు ఈ రసాయనంతో చేసిన రంగు తీసే మందుల అమ్మకాన్ని నిషేధించింది. డబ్బా మీద ఫైబర్‌గ్లాస్‌కు పనికివస్తుందని స్పష్టంగా రాసి ఉన్న మందు అయితే తప్ప, అదీ ముందుగా అరచేతి మేర చోట పరీక్షించిన తర్వాత తప్ప, ఏ మందునూ పడవకు పూయకూడదు. థిన్నర్‌తో తడిపిన గుడ్డతో పైపైన తుడవడం వేరు, ఆ గుడ్డను పడవ మీద పరిచి నానబెట్టడం వేరు. రెండవది జెల్‌కోట్‌కు హాని చేస్తుంది.

గ్రైండర్ యంత్రంతోనూ ఇసుకను గాలి ఒత్తిడితో కొట్టే పద్ధతితోనూ ఇదే ఇబ్బంది. గ్రైండర్ బిళ్ల ఒక్క క్షణం ఒకేచోట నిలిస్తే అర మిల్లీమీటరు తినేసి గాజు పోగుల్లోకి దిగుతుంది. అంత వేగంలో చెయ్యి ఆపడం ఎంత అనుభవజ్ఞుడికైనా కష్టం. ఇసుక రేణువులు జెల్‌కోట్ కంటే గట్టివి కనుక దానికి సన్నని గుంటలు పెడతాయి. పైగా ఆ ఇసుక ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ అనే నయం కాని జబ్బు వస్తుంది. పెద్ద పడవల యార్డుల్లో కొన్నిచోట్ల ఇసుకకు బదులు వంటసోడా జాతి మెత్తని పొడిని వాడతారు. అది ఫైబర్‌కు నయమే గాని, ఆ యంత్రం, ఆ నైపుణ్యం ఉన్నవారే చేయవలసిన పని.

ఇక మిగిలింది చెయ్యి, నీళ్లు, కాగితం. ఇది నిదానమైన పద్ధతి. ఫైబర్ పడవకు తగిన పద్ధతి కూడా ఇదే.

ముందుగా పడవను మంచినీళ్లతో, సబ్బుపొడితో బాగా కడగాలి. ఉప్పు, చేపల జిడ్డు, ఇంజిను నూనె పూర్తిగా పోవాలి. జిడ్డు ఉండగానే రుద్దితే అది గీతల్లోకి ఎక్కి, తర్వాత వేసే రంగును అంటనివ్వదు. ఆరిన తర్వాత, ఇప్పటికే పెచ్చులు లేచిన రంగును లప్పం బ్లేడుతో తీయాలి. ఆ బ్లేడు రెండు మూలలనూ ఆకురాయితో గుండ్రంగా అరగదీసి, దాన్ని నిలువుగా కాకుండా పడవ గోడకు దాదాపు ఆనించి, పెచ్చు కిందికి తోయాలి. రానిదాన్ని బలవంతం చేయకూడదు, అది కాగితానికి వదలాలి.

కాగితం అంటే కార్ల షెడ్లలో రంగు పనివారు వాడే వాటర్ పేపర్. నీటిలో తడిపినా పాడవని గరుకు కాగితం అది. దాని వెనుక ఒక అంకె ఉంటుంది. అంకె పెరిగే కొద్దీ గరుకు తగ్గుతుంది: 80 అంకె కాగితం చాలా గరుకు, 400 అంకెది చాలా మెత్తన. పడవ పక్కలకు 120తో గాని 180తో గాని మొదలుపెట్టి, జెల్‌కోట్ దగ్గర పడుతున్న కొద్దీ 220కి, చివరగా 320కి మారడం మంచిది. 80 అంకె కాగితాన్ని మందంగా పేరుకున్న రంగు మీద మాత్రమే, అదీ పై పూతలకు మాత్రమే వాడాలి. చదునైన చోట కాగితాన్ని ఒక చెక్కముక్కకు చుట్టి రుద్దాలి, లేకపోతే వేళ్ల ఒత్తిడి పడినచోట గాళ్లు పడతాయి. వంపు తిరిగిన చోట చెక్కకు బదులు మెత్తని స్పాంజి ముక్క పెట్టుకోవాలి. చెంబుతో నీళ్లు పోస్తూ, నొక్కకుండా, చిన్న చిన్న వలయాలుగా రుద్దుతూ పోవాలి.

పడవ మొత్తం మీద చెయ్యి వేసే ముందు, ఎవరికీ కనిపించని ఒక మూల రూపాయి బిళ్లంత చోట ఇలా రుద్ది చూడటం ఎంతో మేలు. రుద్దిన కొద్దీ కారే నీటి రంగును గమనించాలి. పైన వేసినది నీలం రంగు అయితే మొదట నీలపు నీరు కారుతుంది. కాసేపటికి తెల్లని నీరు వస్తే ప్రైమర్, అంటే రంగుకు ముందు వేసే ఆధారపు పూత, వచ్చిందని గుర్తు. తర్వాత ఆకుపచ్చ నీరు వస్తే అది అంతకు ముందెప్పుడో వేసిన రంగు. ఇలా పూతలు దాటుకుంటూ పోతే, బిళ్లంత ఆ చోట ఒక్కో పూతా ఒక్కో వలయంగా తేలి, మధ్యలో నిగనిగలాడే గట్టి నేల ఒకటి కనిపిస్తుంది. అదే జెల్‌కోట్. దాని రంగును బాగా గుర్తు పెట్టుకోవాలి. పడవ పని మొత్తానికి అది హద్దు. మిగతా పడవను రుద్దేటప్పుడు నీళ్లలో ఆ రంగు కనిపించగానే చెయ్యి ఆపాలి. అక్కడ జెల్‌కోట్ అరగడం మొదలైందని ఆ నీరు చెబుతోంది. పొడిగా రుద్దేవారికి ఈ సూచన అందదు, అన్ని రంగులూ కలిసిన దుమ్ము మాత్రమే కనిపిస్తుంది. తడిపి రుద్దడంలో ఉన్న గొప్ప ప్రయోజనం ఇది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. తడి పనిని చేత్తోనే చేయాలి. కరెంటుతో నడిచే రుద్దుడు యంత్రాన్ని నీళ్లు పోస్తూ వాడితే ప్రాణానికే ప్రమాదం. యంత్రం వాడక తప్పనప్పుడు పొడిగానే, దుమ్మును లాగే గొట్టం ఉన్నదాన్నే, మాస్కు పెట్టుకుని వాడాలి.

పడవ పక్కల మీద రాసి ఉన్న రిజిస్ట్రేషన్ నంబరు విషయంలోనూ జాగ్రత్త పడాలి. 2008 నవంబరు నాటి ముంబై దాడుల తర్వాత తీర భద్రత కోసం వేట పడవల నమోదు, నంబర్లు, రాష్ట్రాలవారీ రంగుల గుర్తింపు కట్టుదిట్టమయ్యాయి. రంగు తీసే ముందు రెండు పక్కలా ఉన్న నంబరును ఫోనులో ఫోటో తీసి పెట్టుకుని, కొత్త రంగు వేశాక అదే కొలతతో, అదే చోట రాయించాలి. పడవకు ఏ రంగు ఉండాలన్న నియమాన్ని కూడా ముందే మత్స్యశాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకుంటే రెండోసారి గోకే పని తప్పుతుంది.

కాలువల్లో, రేవుల్లో నెలల తరబడి నీటిలోనే కట్టి ఉంచే పడవల అడుగున మరో రకం రంగు ఉండవచ్చు. నాచు, గుల్లలు అంటుకోకుండా వేసే ఆ రంగులో రాగి సమ్మేళనాలు ఉంటాయి. గుల్లలను చంపడమే దాని పని కనుక, రొయ్యలకూ పీతలకూ కూడా అది విషమే. ఒకప్పుడు ఇలాంటి రంగుల్లో తగరంతో చేసిన అంతకంటే ప్రమాదకరమైన రసాయనం ఉండేది. సముద్రజీవులకు దానివల్ల కలిగిన హానిని చూసి, దాన్ని నిషేధిస్తూ 2001లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం 2008లో అమల్లోకి వచ్చింది. ఆ విషం దుమ్ముగా లేవకుండా, అడుగు రంగును ఏ పరిస్థితిలోనూ పొడిగా రుద్దకూడదు, తడిపే రుద్దాలి.

రంగు పోవాలి, కింది పొర మిగలాలి అన్న ఈ పడవల సూత్రం గాలిలో ఎగిరే వాటికీ వర్తిస్తుంది. ఫైబర్‌గ్లాస్‌తో నిర్మించిన తొలి గ్లైడర్, అంటే ఇంజిను లేకుండా గాలిలో తేలే విమానం, 1957లో జర్మనీలో ఎగిరింది. దాని పేరు ఫీనిక్స్. నేడు ఇంజనీరింగ్ విద్యార్థులు, అభిరుచి ఉన్నవారు రేడియో తరంగాలతో నడిపే చిన్న నమూనా విమానాలకు కూడా ఫైబర్ దేహాలే వాడుతున్నారు. వాటికి పాత రంగు తీయవలసి రావడానికి కారణం వేరు. రంగు మీద రంగు వేస్తూ పోతే బరువు పెరుగుతుంది. తోక వైపు కొన్ని గ్రాములు పెరిగినా గరిమనాభి, అంటే విమానం బరువంతా తూగే బిందువు, వెనక్కి జరిగి విమానం అదుపు తప్పుతుంది. పడవ గోడ మిల్లీమీటర్ల మందం ఉంటే నమూనా విమానపు గోడ అంతకంటే ఎంతో పలుచన. దానిలోని గాజు గుడ్డ చీర పోగంత సన్నన. కాబట్టి అక్కడ 120 అంకె కాగితం ఊసే ఎత్తకూడదు. 320తో గాని 400తో గాని మొదలుపెట్టి, వేళ్ల కొసలతో, అతుకుల దగ్గర మరీ తేలికగా, తడిపి రుద్దాలి. నీరు లోపలి చెక్క భాగాలకు, విద్యుత్ పరికరాలకు తగలకుండా ముందే రంధ్రాలను టేపుతో మూయాలి. పెద్ద విమానాల్లో సైతం ఫైబర్, కార్బన్ పొరలతో చేసిన భాగాల మీద మామూలు లోహపు భాగాలకు వాడే ఘాటైన మందులను పూయరు. తయారీదారు అనుమతించిన పద్ధతిలోనే, ఎక్కువగా రుద్దడం ద్వారానే రంగు తీస్తారు. పడవైనా, విమానమైనా రంగు పోవాలి, కింది పొర మిగలాలి.

రుద్దడం పూర్తయిన తర్వాత పడవను మంచినీళ్లతో కడిగి ఆరనివ్వాలి. బందరు, దివిసీమల గాలిలో తేమ ఎక్కువ కనుక పైకి ఆరినట్లు కనిపించినా లోపల తడి ఉండవచ్చు. అడుగు చదరం ఉన్న పలుచని ప్లాస్టిక్ కాగితాన్ని పడవ మీద పరిచి, నాలుగు అంచులనూ గాలి చొరకుండా టేపుతో అతికించి ఒక రోజు ఉంచితే సంగతి తెలుస్తుంది. లోపలి వైపు నీటి చుక్కలు కనిపిస్తే పడవ ఇంకా ఆరలేదు. ఎక్కడైనా జెల్‌కోట్ తెగి తెల్లని గాజు పోగులు బయటపడితే, ఆ చోటును రంగుతో కప్పివేయడం పెద్ద తప్పు. అది పూర్తిగా ఆరిన తర్వాత ఎపాక్సీ రెసిన్‌తో మూసి, అది గట్టిపడ్డాక మెత్తగా రుద్ది, ఎపాక్సీ ప్రైమర్ వేసి, ఆపైన రంగు వేయాలి. ఎపాక్సీ, పాలియెస్టర్ మీద బాగా అంటుకుంటుంది. ఎపాక్సీ మీద పాలియెస్టర్ సరిగా అంటదు. అందువల్ల మరమ్మతు మీద మళ్లీ పాలియెస్టర్ జెల్‌కోటే వేయాలనుకునేవారు మొదటి నుంచీ పాలియెస్టర్‌తోనే చేయాలి. రంగు వేయడానికి రోహిణి కార్తె మధ్యాహ్నపు ఎండ తగదు, రంగు పైపైన ఆరి లోపల పచ్చిగా ఉండిపోతుంది. పొద్దు వాలిన తర్వాత వేస్తే తేమ కమ్మి మెరుపు చస్తుంది. ఎండ ఎక్కక ముందు ఉదయపు వేళ, పందిరి నీడలో వేయడం ఉత్తమం.

చివరిగా, రుద్దినప్పుడు వచ్చే మడ్డి, దుమ్ముల గురించి. భారతదేశంలో గృహ, అలంకార రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలు, మించరాదన్న నియమాన్ని 2016లో ప్రకటించారు, 2017 నుంచి అమలు చేశారు. అంతకు ముందు వేసిన రంగుల్లో, ముఖ్యంగా పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో సీసం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. పడవ మీది అడుగు పూతలు ఆ కాలం నాటివి కావచ్చు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, అది ఒకసారి జరిగితే మందుతో సరిచేయలేం. రంగు గోకినవారి లుంగీకి, చొక్కాకు అంటిన దుమ్ము ఇంట్లో పసిపిల్లల దాకా చేరుతుంది. ఆ బట్టలను రేవు దగ్గరే విప్పి, ఇంటి బట్టలతో కలపకుండా విడిగా ఉతకాలి. ముక్కుకు తువ్వాలు చుట్టుకుంటే సన్నని దుమ్ము ఆగదు, ఎన్95 మాస్కు పెట్టుకోవాలి. గాజు పోగుల దుమ్ము తగిలి దురద పెడితే గోకకుండా చల్లని నీళ్లతో ధారగా కడగాలి. పని జరిగేచోటికి పిల్లలను రానివ్వకూడదు.

కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట మడ అడవులు ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంలోనిది. ఆ మడల వేళ్ల మధ్యనే రొయ్య పిల్లలు, మండపీతలు పెరుగుతాయి. మత్స్యకారులు వేటకు వెళ్లేది వాటి కోసమే, వేట నిషేధం పెట్టింది వాటి సంతతిని కాపాడటానికే. గోకిన రంగును అదే రోజుల్లో అదే కాలువలోకి కడిగివేస్తే ఆ నిషేధానికి అర్థం ఉండదు. కాబట్టి గిలకలదిండిలోనూ, నాగాయలంకలోనూ, తీరగ్రామాలన్నిటిలోనూ ఈ వేసవిలో పడవలకు రంగులు వేయబోయే శ్రోతలకు ఒక విన్నపం. పడవను ఆటుపోటు నీరు అందని ఎత్తు ప్రదేశానికి చేర్చండి. పడవ కింద అంచులు పైకి మడిచిన టార్పాలిన్ పట్టా పరిచిన తర్వాతే కాగితం చేత పట్టండి. కారిన నీటిని పట్టాలోనే ఆరనిచ్చి, మిగిలిన మడ్డిని, పెచ్చులను, వాడిన కాగితాలను సంచిలో మూటగట్టి, కాలువలో వేయకుండా, కాల్చకుండా, ప్రమాదకరమైన చెత్త అని చెప్పి పంచాయతీ లేదా పురపాలక చెత్త సేకరణ సిబ్బందికి అప్పగించండి.